కోడంబాకంలో ఒక రీలు కడిగాం

మే నెల మిట్టమధ్యాహ్నం వడపళని వీధుల్లో ఐసుగడ్డ కోసం తిరిగిన తెలుగు జర్నలిస్టును నేనొక్కణ్ణేనేమో! చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, నెత్తిన తడి తువ్వాలు, నోట్లో నాలుగే నాలుగు తమిళం ముక్కలు. చేపలమ్మే ఆవిడ దగ్గర ఆగి ఐసు అడిగాను. "ఎందుకయ్యా, జ్యూసు కొట్టు పెడుతున్నావా?" అంది తమిళంలో. "కాదమ్మా, ఫొటోలు కడగాలి" అన్నాను నాకొచ్చిన తమిళంలో. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, డబ్బులు పుచ్చుకోకుండానే ఒక పెద్ద ముక్క బకెట్లో పడేసింది. ఎండకి మతి పోయినవాడి దగ్గర డబ్బులేమిటి అనుకుందో ఏమో!

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు కదూ?

2024 మే నెలలో పాత మద్రాసు స్టూడియోల మీద ఏదైనా రాద్దామని బెజవాడలో పినాకిని ఎక్కాను. ఒకప్పుడు సినిమా పిచ్చితో ఇల్లు వదిలొచ్చిన కుర్రాళ్ళు ట్రంకుపెట్టెతో సెంట్రల్లో దిగి, పార్కు స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలెక్కి కోడంబాకంలో దిగేవారట. బీచ్ నుంచి తాంబరం దాకా ఆ ఎలక్ట్రిక్ రైలు 1931 నుంచీ నడుస్తోంది. ఇప్పుడంత శ్రమ లేదు. సెంట్రల్లోనే మెట్రో ఎక్కితే చల్లగా తీసుకొచ్చి వడపళనిలో దింపేస్తుంది.

దిగాక మాత్రం చల్లదనం ఉండదు. ఆర్కాట్ రోడ్డు పొడుగునా మెట్రో రెండో దశ పనుల దుమ్ము. "వాహినీ స్టూడియో ఎక్కడండీ?" అని అడిగితే కుర్రాళ్ళు తెల్లమొహం వేశారు. "విజయా మాల్" అంటే మాత్రం ఠక్కున చెయ్యి చూపించారు. 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) తయారైన నేల అది. ఇప్పుడక్కడ ఆసుపత్రి ఉంది, హోటలు ఉంది, మాల్ ఉంది. మాల్ లోపల మల్టీప్లెక్సు కూడా ఉంది కాబట్టి సినిమాకీ ఆ నేలకీ రుణం పూర్తిగా తీరలేదనే చెప్పుకోవాలి!

స్టిల్ ప్లీజ్!

నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఒక పెద్దాయన కోసం. తెనాలి దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదేళ్ళ వయసులో 1962లో మద్రాసు వచ్చారు. హీరో అవుదామని కాదు, స్టిల్ ఫొటోగ్రాఫరు దగ్గర అసిస్టెంటుగా. పేరు వేయొద్దన్నారు. "నా పేరు ఏ టైటిల్సులోనూ పడలేదు, ఇప్పుడు నీ పత్రికలో ఎందుకోయ్!" అన్నారు. కనుక గురువుగారనే పిలుద్దాం.

వడపళని మురుగన్ కోవెలకి కాస్త దూరంలో, రెండు గదుల పాత పోర్షను. గోడలకి సున్నం పెచ్చులు. వరండాలో తులసికోట. వెళ్ళేసరికి పిన్నిగారు అట్టపెట్టెల్లో సామాను సర్దుతున్నారు. జూన్ నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయాలట. పడగొట్టి అపార్టుమెంటు కడతారు. అరవై రెండేళ్ళ మద్రాసు కాపురానికి స్వస్తి చెప్పి, హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు.

మీలో ఎంతమందికి తెలుసో గానీ, సినిమా పత్రికల్లో పడే బొమ్మలు సినిమా రీల్లోంచి కత్తిరించినవి కావు. షాటు ఓకే అనగానే స్టిల్ ఫొటోగ్రాఫరు "స్టిల్ ప్లీజ్!" అని కేకేసేవాడు. తారలు అదే భంగిమలో మళ్ళీ నిలబడేవారు. క్లిక్! పగలంతా తీసిన రీళ్ళు రాత్రి కడిగి, ప్రింట్లు వేసి, పొద్దున్నే కంపెనీ ఆఫీసుకి, అక్కణ్ణుంచి పత్రికలకి. మన అమ్మలూ అత్తయ్యలూ నోటుపుస్తకాల్లో అన్నం మెతుకులతో అతికించుకున్న బొమ్మలన్నీ అలా వచ్చినవే. ఆ కడిగే పనే గురువుగారిది.

"పాత స్టిల్స్ ఏమైనా ఉన్నాయా గురువుగారూ?" అని ఆశగా అడిగాను.

"ఒక్కటీ లేదు నాయనా. నెగెటివులు కంపెనీ సొత్తు. కంపెనీలు మూతపడ్డాక ఎవరెక్కడ పారేశారో, ఏ చెదలు తిన్నాయో!"

నా వ్యాసం అక్కడికక్కడే చచ్చిపోయిందనుకున్నాను. బొమ్మల్లేకుండా పాత మద్రాసు గురించి ఎవడు చదువుతాడు? నా మొహం చూసి ఆయనకి జాలేసినట్టుంది.

"మందు కలపడం వచ్చా నీకు?" అన్నారు.

తప్పర్థం చేసుకోకండి! ఫొటోగ్రాఫర్ల భాషలో మందంటే డెవలపరు. "రాదండీ" అన్నాను.

"నీ మెడలో కెమెరా ఉందిగా, అందులో ఫిల్మేనా?"

ఉంది. సెకండ్‌హ్యాండు పెంటాక్స్ కె1000, అందులో ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 బ్లాక్ అండ్ వైట్ రీలు. ఈమధ్య కుర్రాళ్ళు మళ్ళీ ఫిల్ము మీద పడ్డారు కదా, నేనూ అలా పడ్డవాణ్ణే. తీయడం మా వంతు, కడగడం లాబ్ వంతు.

"అయితే రేపు పొద్దున తిరిగి తీద్దాం. ఇవాళే మందు కలిపి పెట్టుకోవాలి, రాత్రంతా ఊరితే నెమ్మదిస్తుంది. ఈ ఇంట్లో కడిగే ఆఖరి రీలు అదే అవుతుంది."

లోపల్నుంచి పిన్నిగారి గొంతు: "కలిపితే ఆ అబ్బాయి కలపాలి. మీ చెయ్యి ఆ పొడిని తాకిందో, నేనివాళే హైదరాబాదు రైలెక్కుతాను!"

ఆ మాటలో హాస్యం లేదు. ఎందుకో కాసేపట్లో తెలిసింది.

ఫైటా? ఫేటా?

గురువుగారు చీటీ రాసిచ్చారు. మెటోల్, సోడియం సల్ఫైటు, హైడ్రోక్వినోన్, బోరాక్సు. ఇవి డెవలపరుకి. హైపో, పొటాషియం మెటాబైసల్ఫైటు. ఇవి బొమ్మ నిలబడడానికి.

ఇది కొడాక్ వారి డి-76 ఫార్ములా. జాన్ కాప్‌స్టాఫ్ అనే ఆయన రూపొందించగా 1927లో బయటికొచ్చింది. మామూలు ఫొటోల కోసం కాదు, సినిమా ఫిల్ము కోసమే పుట్టింది. తరవాత ప్రపంచంలో స్టిల్ ఫొటోగ్రాఫర్లందరూ వాడుకున్నారు. దాదాపు వందేళ్ళయినా ఇంకా వాడుతున్నారు. ఇల్‌ఫర్డ్ వారి ఐడి-11 కూడా ఇంచుమించు ఇదే సరుకు. తయారు ప్యాకెట్టు కూడా దొరుకుతుంది, కానీ దాంతో ఒక తిరకాసు ఉంది. ప్యాకెట్టులో సగం ఇవాళ, సగం రేపు అంటే కుదరదు. పొడులు ఒకదాని కింద ఒకటి దిగిపోయి ఉంటాయి. పైన చెంచాడు తీస్తే ఏది ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. విప్పితే మొత్తం కలిపేయాల్సిందే. విడిగా కొని తూచుకుంటే ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు.

ప్యారిస్ వీధుల్లో లాబ్ కెమికల్సు అమ్మే కొట్టు పట్టుకున్నాను. చీటీ గురువుగారి టేబులు మీదే మర్చిపోయానని అక్కడికెళ్ళాక తెలిసింది! "సోడియం సల్ఫేటు ఒక పావుకిలో" అన్నాను ధీమాగా. కొట్టాయన డబ్బా తీస్తూ, "ఏం పనికి?" అన్నాడు. ఫొటోకి అన్నాను. "అయితే సల్ఫైటు" అని డబ్బా మార్చాడు. ఆ ఒక్క అక్షరం దగ్గర ఆయన ఆగకపోతే, నేను కొన్న తెల్లపొడి చూడ్డానికి అచ్చం అలాగే ఉండేది, పని మాత్రం చేసేది కాదు. మీరెవరైనా కొనబోతే చీటీ మర్చిపోకండి. ఫైటుకీ ఫేటుకీ చాలా దూరం!

మొదటి టేకు

సాయంత్రం వరండాలో ముక్కాలిపీట మీద సరంజామా పెట్టాం. బంగారం కొట్లో వాడే బుల్లి డిజిటల్ త్రాసు, ధర్మామీటరు, చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కు. పిన్నిగారు ఒక పాత ఎవర్‌సిల్వర్ గిన్నె తెచ్చి ఠపీమని పెట్టారు. "ఇది మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదు" అన్నారు. ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి. మందు కలిపిన గిన్నె, గరిటె ఇక జన్మలో వంటకి పనికిరావు.

గురువుగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లీటరుకి లెక్క చెప్పారు. మెటోల్ 2 గ్రాములు, సల్ఫైటు 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్సు 2. ముందు ముప్పావు లీటరు నీళ్ళు 52 డిగ్రీలకి కాచి, అందులో ఒకటొకటీ కరిగించి, చివర చన్నీళ్ళతో లీటరు చేయాలి.

నీళ్ళ దగ్గరే మొదటి పేచీ. ఆ వీధి బోరునీళ్ళు ఉప్పు కషాయం. అందులో కలిపితే సున్నం తేలి ఫిల్ము మీద తెల్ల చుక్కలు పడతాయట. వాళ్ళ రోజుల్లో కాచి, గుడ్డలో వడకట్టి వాడేవారు. ఇప్పుడు తాగడానికి తెప్పించే ఇరవై లీటర్ల క్యానుంది కనుక ఆ బాధ తప్పింది.

నేను తూచడం మొదలుపెట్టాను. పెద్ద పొట్లం ముందు వదిలించుకుందామని వంద గ్రాముల సల్ఫైటు మొత్తం గిన్నెలో గుమ్మరించాను. చక్కగా కరిగింది. తరవాత మెటోల్ వేశాను. కరగలేదు. గరిటెతో తిప్పాను. ఉహూ! పెరుగు విరిగినట్టు తెల్లగా తేలుతోంది గానీ దిగదే! ఇంకా వేడి చేద్దామా అనుకుంటుండగా గురువుగారు ఒక్క ఉదుటున లేచి గరిటె అందుకోబోయారు.

"ఏమండీ!" అంది పిన్నిగారి గొంతు.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లిగా వెనక్కి తీసుకుని, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడు చెప్పారు. అప్పట్లో తొడుగులు, మాస్కులు ఎవరికీ తెలియవు. రోజూ రాత్రి వట్టి చేతులే డెవలపరులో. పదేళ్ళపాటు ఏమీ కాలేదు. ఆ తరవాత వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. ఆపైన చర్మం పగిలి రక్తం. మెటోల్ కొందరికి పడదు. ఒకసారి పడకుండా పోయిందంటే ఇక జన్మంతా అంతే, చిటికెడు తగిలినా తిరగబెడుతుంది. అలాంటివాళ్ళు మెటోల్ బదులు ఫినిడోన్ వాడుకోవచ్చు గానీ, అప్పట్లో ఆ సంగతి ఈయనకి చెప్పినవాళ్ళు లేరు.

"రెండేళ్ళు అన్నం కలుపుకోలేకపోయారు" అన్నారు పిన్నిగారు, అట్టపెట్టెకి పురికొస చుడుతూ. "పప్పూ, పచ్చడీ నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. చిన్నపిల్లాడికి పెట్టినట్టు. అటు పత్రికల్లో హీరోయిన్ బొమ్మలు నిగనిగలాడుతుంటే, ఇటు ఈయన చేతులు చూసుకుని ఏడ్చేవారు."

"ఏడ్చానా? ఎప్పుడు?" అన్నారు గురువుగారు.

"సరే, ఏడవలేదు" అన్నారావిడ.

కలర్ వచ్చేసింది, చేతులు పోయాయి, రెండూ ఒకేసారి. గురువుగారు ఆ పని మానేసి ఒక ప్రొడక్షన్ ఆఫీసులో లెక్కలు రాసుకున్నారు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ తెల్లటి నీళ్ళు నేను బోలెడు నీళ్ళు కలిపి పారబోశాను. సల్ఫైటు ఇంకా 150 గ్రాములుంది. అంటే రెండో టేకుకి సరుకుంది, మూడో టేకుకి లేదు.

మెటోల్ ముందు రావాలి

"ఈసారి కథ విని కలుపు" అన్నారు గురువుగారు. "మెటోల్ అంటే హీరోయిన్ అనుకో. సుకుమారం. నీడల్లో ఉన్న చిన్న చిన్న వివరాలు ముందుగా పైకి తెచ్చేది అదే. అయితే జనం నిండిన సెట్లోకి రాదు, ఖాళీ సెట్లోకి ముందే రావాలి. సల్ఫైటు నిండుగా ఉంటే మెటోల్ కరగదు. అందుకని ముందు చిటికెడు సల్ఫైటు వెయ్యి, గాలి తగిలి మెటోల్ పాడవకుండా. ఆ వెంటనే మెటోల్. అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైటు."

"మరి సల్ఫైటు ఎవరండీ?"

"ప్రొడక్షన్ మేనేజరు. తెర మీద కనిపించడు. వాడు లేకపోతే మందు గాలికి నల్లబడి ఒక్కరోజులో చస్తుంది. పైగా గింజని సన్నం చేసేది కూడా వాడే. ఇక హైడ్రోక్వినోన్ ఉందే, అది 'మాయాబజార్'లో ఘటోత్కచుడు. ఆలస్యంగా వస్తుంది, వచ్చాక చూసుకో! నలుపుల్లో నిండుతనం అంతా దానిదే."

"బోరాక్సు?"

"డైరెక్టరు. రెండు గ్రాములే. కానీ ఆయన 'యాక్షన్' అంటేగానీ మిగతావాళ్ళు సరిగ్గా కదలరు. ఈ మందులు పనిచేయాలంటే క్షారం ఉండాలి, ఆ క్షారం బోరాక్సు. గట్టి క్షారం వేస్తే మందు అరిచి గోల చేస్తుంది, బొమ్మ గరుగ్గా వస్తుంది. బోరాక్సు మెత్తని మనిషి."

ఈసారి ఆయన చెప్పిన వరసలోనే వేశాను. చిటికెడు సల్ఫైటు. మెటోల్. తిప్పుతూ ఉండగానే గిన్నె అడుగు కనిపించింది. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను! సల్ఫైటు కొద్దికొద్దిగా. తరవాత హైడ్రోక్వినోన్, బోరాక్సు. చన్నీళ్ళు పోసి లీటరు చేశాను. నీళ్ళలాగే ఉంది, రంగు లేదు. గోధుమ రంగు సీసాలో అంచుదాకా పోసి, బిరడా బిగించి, మీద పేరూ తేదీ రాసి చీటీ అంటించాను. గాలి లేకుండా నిండుగా ఉంటే ఆరు నెలలు నిలుస్తుందట. సగం సీసా అయితే రెండు నెలలే.

హైపో కలపడం మాత్రం సరదా. పావుకిలో గళ్ళుప్పు లాంటి పలుకులు నీళ్ళలో వేసి తిప్పుతుంటే, నీళ్ళు వాటంతటవే చల్లబడిపోయాయి! ఫ్రిజ్ లేకుండా చల్లదనం! అందుకే హైపోని గోరువెచ్చటి నీళ్ళలో కరిగిస్తారు. కరిగాక 25 గ్రాముల మెటాబైసల్ఫైటు. ఘాటు ముక్కుకి ఎక్కుతుంది, కిటికీ తీసి ఉంచాలి.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. ఫిల్ములో వెలుగు తగలని వెండి అంతా కరిగి అందులోకే దిగుతుంది. దాన్ని తిరిగి తీసుకోవడం పెద్ద లాబుల్లో ఒక వ్యాపారం. ఆ ఆశే మన పాత సినిమాలకి యముడైంది. మూకీలు, తొలి టాకీలు ఎన్నో వెండి కోసం కరిగిపోయాయి. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ఇవాళ చూద్దామన్నా ప్రతి లేదు.

ముప్పై ఆరు

మర్నాడు తెల్లారకుండానే బయల్దేరాం. గురువుగారు ముందు, నేను వెనక. ఏ.వి.ఎం. గ్లోబు ఎదురుగా రెండు తీశాను. మాల్ ముందు నిలబడి, "ఇదిగో, ఇక్కడ ఫలానా ఫ్లోరు, అక్కడ క్యాంటీను" అని ఆయన చెయ్యి చాపితే, ఆ చేతినే తీశాను. వెనక గాజుగోడ, చేతిలో ఏమీ లేదు. ఒకప్పుడు జూనియర్ ఆర్టిస్టులు వ్యాను కోసం నిలబడే మూల చూపించారు. ఇప్పుడక్కడ డెలివరీ కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఆర్డర్ల కోసం ఎదురు చూస్తున్నారు. "వీళ్ళదీ అదే నిరీక్షణ" అన్నారాయన. కోడంబాకం వంతెన మీదికి ఆటోలో వెళ్ళాం. కింద ఎలక్ట్రిక్ రైలు పోతుంటే ఒకటి.

ఇంటికొచ్చేసరికి నాలుగు ఫ్రేములు మిగిలాయి. "పిన్నిగారూ, మీరిద్దరూ గుమ్మంలో నిలబడండి" అన్నాను. ఆవిడ ససేమిరా అన్నారు. నలిగిన చీర, దువ్వని తల, ఇల్లంతా పెట్టెలు! చివరికి గురువుగారే, "స్టిల్ ప్లీజ్!" అని గట్టిగా అరిచారు. ఆవిడకి నవ్వొచ్చింది. తీసేశాను. పెళ్ళి ఫొటో తరవాత బ్లాక్ అండ్ వైట్‌లో ఇద్దరూ కలిసి దిగడం ఇదేనట. జీవితమంతా బ్లాక్ అండ్ వైట్ కడిగిన మనిషికి!

ఇప్పుడు మళ్ళీ ఐసుగడ్డ దగ్గరికి వద్దాం. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకాలు చెబుతాయి. అవి చలిదేశాల పుస్తకాలు! మే నెలలో మద్రాసు ఇంటి మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి కాలుతాయి. అంత వేడిలో కడిగితే బొమ్మ గబగబా నల్లబడడమే కాదు, ఫిల్ము మీది పూత మెత్తబడిపోతుంది. వేడి మందులోంచి తీసి చల్లటి నీళ్ళలో ముంచితే ఆ పూత ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. పాతరోజుల్లో వీళ్ళు రాత్రి రెండింటికి లేచి, నేలలో ఉన్న సంపు నీళ్ళతో కడిగేవారు. ఇప్పుడు రెండింటికి లేస్తే డాక్టరు ఊరుకోడు. కనుక ఐసు.

ఐసు మందులో వేయకూడదు, పలచబడిపోతుంది. బకెట్లో నీళ్ళుపోసి ఐసు వేసి, అందులో సీసాలు నిలబెట్టాం. డెవలపరు, హైపో, కడిగే నీళ్ళు అన్నీ 24 డిగ్రీలకి వచ్చేదాకా ధర్మామీటరు పట్టుకుని కాపలా కాశాను. 20 డిగ్రీలకి ఏడున్నర నిమిషాలు పట్టే పని, 24కి అయిదు నిమిషాల చిల్లరలో అయిపోతుంది.

బాత్రూము తలుపు సందులకి దుప్పట్లు కుక్కి, దీపం ఆర్పి, ఫిల్మును చక్రంలోకి ఎక్కించాలి. చీకట్లో నా వేళ్ళు బొటనవేళ్ళయిపోయాయి. పదినిమిషాలు కుస్తీ పట్టాను, చెమట కారి చక్రం మీద పడుతోంది. "ఇటివ్వు. ఇందులో మందు లేదుగా" అన్నారు చీకట్లోంచి గురువుగారు. ఇచ్చాను. చక్రం టకటకమని అటూ ఇటూ కదిలిన చప్పుడు వినిపించింది. అర నిమిషంలో ట్యాంకు మూత పడింది. నలభై ఏళ్ళ పైచిలుకు తరవాత!

పాట లెక్క

మందు పోశాను. గడియారం చూద్దామని ఫోను తీస్తుంటే ఆయన వద్దన్నారు. "రికార్డు పాట ఒకటి మూడుంబావు నిమిషాలు. చీకట్లో గడియారం కనిపించదు కదా, మాకు పాటే లెక్క. పల్లవి కొచ్చినప్పుడల్లా ట్యాంకు తిప్పేవాళ్ళం" అన్నారు. అని మెల్లిగా కూనిరాగం అందుకున్నారు. ఘంటసాల పాట. నేను ఆయన గొంతు వింటూ ట్యాంకు తల్లకిందులు చేస్తూ ఉన్నాను. దొంగతనంగా ఫోనులో గడియారం కూడా పెట్టుకున్నాను లెండి! ఒక పాట అయ్యి, రెండో పాట రెండో చరణంలో ఉండగా "పారబోయ్" అన్నారు. ఫోను చూశాను. అయిదు నిమిషాల పదిహేను సెకన్లు!

నీళ్ళతో ఒకసారి తొలిచి, హైపోలో పది నిమిషాలు. తరవాత కడగడం. మామూలుగా అరగంట కుళాయి కింద పెడతారు. 2019 ఎండాకాలంలో లారీ నీళ్ళ కోసం బిందెలతో నిలబడిన ఊరిది, పిన్నిగారు అరగంట కుళాయి వదలనిస్తారా! ఒకసారి నీళ్ళు నింపి అయిదుసార్లు తిప్పడం, పారబోసి మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ ఇరవైసార్లు. అంతే, మూడు ట్యాంకుల నీళ్ళు చాలు.

మూత తీసేముందు నా గుండె దడదడలాడింది. ఏమీ రాకపోతే? మందు తప్పు కలిపి ఉంటే? అన్నీ మళ్ళీ తీయవచ్చు, కానీ గుమ్మంలో ఆ ఇద్దర్నీ, ఆ గుమ్మాన్నీ జులైలో తీయడం కుదరదు.

ఫిల్ము లాగాను. నల్లగా, తెల్లగా, వరసగా గళ్ళు... వచ్చాయి! వచ్చేశాయి!

గురువుగారు కిటికీ వెలుగులో పట్టుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. అవును, చదవడమే. "ఇది పల్చన. ఇది ఒక స్టాపు ఎక్కువిచ్చావు. రైలు షేకయింది. నా చెయ్యి తీశావే, ఇది బాగుంది." మెచ్చుకున్నది ఆ ఒక్క ముక్కే. 2023లో వచ్చిన 'ఆపెన్‌హైమర్' కోసం కొడాక్ వాళ్ళు మొట్టమొదటిసారిగా 65 మిల్లీమీటర్ల బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము తయారుచేశారని చెప్పాను. "అయితే అక్కడా ఎవడో ఒకడు కడిగే ఉంటాడు" అన్నారు, చివరి ఫ్రేముల కోసం చూస్తూ.

రీలుని బాత్రూము తీగకి బట్టల క్లిప్పుతో వేలాడదీశాం. పిన్నిగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ నాలుగు ఫ్రేముల దగ్గర ఆగారు.

"ఇదేమిటి, నా జుట్టంతా నల్లగా ఉందే!"

"నెగెటివు కదండీ. తెలుపు నలుపుగా పడుతుంది. ప్రింటు వేస్తే మళ్ళీ మామూలే."

ఆవిడ ఇంకాసేపు చూశారు. "అయితే ప్రింటు వేయించకు నాయనా. ఇలాగే ఉండనీ" అన్నారు.

గురువుగారు నవ్వుతూ, పొడిబారిన వేళ్ళతో క్లిప్పు సర్దారు.

అనుకున్నట్టే జూన్‌లో వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయారు. నేను ప్రింటూ, నెగెటివు ముక్కా రెండూ పంపించాను. ప్రింటు బీరువాలో దాచారట. నెగెటివు మాత్రం పిన్నిగారు వంటింటి కిటికీ అద్దానికి అంటించుకున్నారని, మొన్న ఫోన్లో గురువుగారు చెప్పారు.